26 అంగుళాల వార్డ్‌రోబ్: ఇంటీరియర్ డిజైన్ అసలు ఎవరి దగ్గర నేర్చుకుంటారు?

కోర్సు అయిపోయి కొత్తగా పనిలో చేరిన అమ్మాయి మొదటిసారి తను గీసిన వార్డ్‌రోబ్ డ్రాయింగ్ పట్టుకుని సైట్‌కి వెళ్తుంది. కార్పెంటర్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, లోతు 26 అంగుళాలు అని రాసిన చోట వేలు పెట్టి, హైదరాబాద్ సైట్ కాబట్టి హిందీలోనే, "మేడమ్, ఛబ్బీస్ క్యోం?" అంటాడు, 26 ఎందుకు అని. ఆ క్యోం కి ఆమె దగ్గర జవాబు ఉండదు. స్క్రీన్ మీద 24 పెడితే కాస్త ఇరుగ్గా కనిపించింది, 26 పెడితే బాగుంది, అంతే.

ఆ రెండు అంగుళాల కథ ఏంటంటే, ప్లైవుడ్ షీట్ 8 అడుగుల పొడవు 4 అడుగుల వెడల్పు, మిల్లీమీటర్లలో 2440 బై 1220. 7 అడుగుల ఎత్తున్న వార్డ్‌రోబ్‌కి నిలువు పలకలు కొయ్యాలంటే షీట్‌ని పొడవునా మధ్యలో చీలుస్తారు, రంపం బ్లేడు ఒక 3-4 ఎంఎం తినేస్తుంది, అంచులు కాస్త సాపు చేస్తారు, అంతా పోగా 600 ఎంఎం పలకలు రెండు వస్తాయి. వార్డ్‌రోబ్ లోతు రెండడుగులు అని అందరూ బట్టీ పట్టినట్టు చెప్పడానికి హ్యాంగర్ ఒక కారణమైతే ఈ షీట్ కొలత ఇంకో కారణం. అదే లోతు 26 అంగుళాలైతే, అంటే 660 ఎంఎం, ఒక షీట్‌లో వెడల్పు వైపు ఒకటే పలక వస్తుంది, పక్కన మిగిలే పట్టీ 22 అంగుళాలు కూడా పూర్తిగా ఉండదు. పక్కపక్కన మూడు నిలువు అరలుండే వార్డ్‌రోబ్‌కి నిలువు పలకలు నాలుగు కావాలి, రెండు షీట్లలో అయ్యే పనికి నాలుగు షీట్లు తెరవాల్సొస్తుంది. మిగిలిన పట్టీల్లో కొన్ని సొరుగులకీ, గోడ పక్క సందు మూసే ఫిల్లర్లకీ వాడొచ్చు గానీ డబ్బు మాత్రం నాలుగు షీట్లకీ కట్టాల్సిందే.

అలాగని 26 ఎప్పుడూ తప్పని కాదు. స్లైడింగ్ తలుపులైతే ట్రాక్‌కే దాదాపు నాలుగు అంగుళాలు పోతుంది కాబట్టి లోతు పెంచక తప్పదు, అప్పుడు తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే బయట రెండు చివరల పలకలు, కింద పలక, పై పలక మాత్రం పూర్తి లోతు ఉంచి లోపలి పార్టిషన్లని 22కే ఆపేస్తారు, అవి మళ్లీ షీట్‌కి రెండేసి వస్తాయి. ఇందులో పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు, పావుగంటలో చెప్పేయొచ్చు. కానీ నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకైనా ఆర్నెల్ల డిప్లొమా చేసినవాళ్లకైనా ఆ పావుగంట కూర్చుని చెప్పేవాళ్లు దొరకడమే కష్టం, ఈ ఫీల్డ్‌లో నేర్పడం గురించి మాట్లాడాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

మన దగ్గర ఈ పని నేర్పే చోట్లు తక్కువేం లేవు. హైదరాబాద్‌లో 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ వచ్చింది, ప్రైవేట్ డిజైన్ కాలేజీలు ఉన్నాయి, వాటికన్నా ముందు నుంచీ హోమ్ సైన్స్ చదువుల్లో ఇంటి అలంకరణ ఒక పాఠంగా ఉండేది, ఇక అమీర్‌పేట్ సంగతి సరేసరి, అక్కడ డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్ నుంచి బొమ్మలు తీసే వీ-రే దాకా ఏ సాఫ్ట్‌వేర్ అయినా నెలల లెక్కన నేర్పుతారు. ఏ చోట నేర్చుకున్నా బయటికొచ్చేటప్పుడు చేతిలో ఉండేది మాత్రం పోర్ట్‌ఫోలియో, అందులో ఉండేవి ఎక్కువగా రెండర్లు, అంటే ఇల్లు పూర్తయ్యాక ఎలా ఉంటుందో ఫోటోలా చూపించే కంప్యూటర్ బొమ్మలు. రెండర్ అంటే దూరపు కొండ లాంటిది, నునుపుగానే కనిపిస్తుంది. ఆ బొమ్మలో గోడలన్నీ తూకానికి నిలబడి ఉంటాయి, స్విచ్‌బోర్డులుండవు, గ్యాస్ సిలిండర్ ఉండదు, వార్డ్‌రోబ్ తలుపు పూర్తిగా తెరిచి చూపించే బొమ్మ వెతికినా దొరకదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన పెట్టుకోవాలంటే 1972 ఆర్కిటెక్ట్స్ యాక్ట్ ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయ్యుండాలి. ఇంటీరియర్ డిజైనర్ అని పెట్టుకోవడానికి అలాంటి చట్టం ఏదీ లేదు. అదే 1972లో పుట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్ ఉంది, హైదరాబాద్‌లో దాని చాప్టర్ కూడా ఉంది, కానీ అది వృత్తిలో ఉన్నవాళ్లు కట్టుకున్న సంఘం, ప్రభుత్వ లైసెన్సు ఇచ్చే సంస్థ కాదు. అంటే పనిలో దిగేముందు వీళ్లకి పని వచ్చా అని పరీక్ష పెట్టేవాళ్లు ఎవరూ లేరు, ఆ పరీక్షేదో మొదటి రెండు మూడు ఇళ్లలో క్లయింట్ డబ్బుతోనే జరిగిపోతుంది. ఏ సీనియర్ దగ్గర చేరారు అనేది సర్టిఫికెట్ కన్నా ఎక్కువ లెక్కలోకి రావడానికి కారణం ఇదే.

ఇక సీనియర్ల దగ్గర ఏం నేర్పుతున్నారంటే, ఎక్కువ ఆఫీసుల్లో జూనియర్ అంటే డ్రాఫ్టింగ్ చేసే చెయ్యి. పొద్దున రిఫరెన్స్ ఫోటోలు పంపుతారు, సాయంత్రానికి రెండర్ కావాలంటారు, చూసి "ఇది బాలేదు, వేరేది పెట్టు" అంటారు. ఏది బాలేదో, ఎందుకు బాలేదో చెప్పరు. జూనియర్ ఇంకో నాలుగు ఆప్షన్లు చేస్తుంది, అందులో ఒకటి ఓకే అవుతుంది, అదెందుకు ఓకే అయిందో కూడా తెలీదు. ఇలా రెండేళ్లు గడిస్తే సీనియర్‌కి ఏది నచ్చుతుందో బాగా తెలుస్తుంది, ఇంటి గురించి ఎలా ఆలోచించాలో మాత్రం తెలియకుండానే మిగిలిపోతుంది. కొందరు సీనియర్లు కావాలనే చెప్పరు, క్లయింట్‌తో మాట్లాడనివ్వరు, వెండర్ల నంబర్లు ఇవ్వరు, నేర్పితే రేపు సొంత దుకాణం పెట్టుకుని పోటీకొస్తారని భయం. ఆ భయం పూర్తిగా ఉత్తదేం కాదు, నిజంగానే వెళ్లిపోతారు. కానీ నేర్పకపోయినా వెళ్లిపోతారు, ఇంకా తొందరగా.

అదే డ్రాయింగ్ మీద ఒక ప్రశ్న వేస్తే ఎంత తేడానో చూడండి. "ఈ షట్టర్ తెరిచినప్పుడు మనిషి ఎక్కడ నిలబడతాడు?" అని (షట్టర్ అంటే వార్డ్‌రోబ్ తలుపే) అడిగితే జూనియర్ తనంతట తనే ప్లాన్‌లో మంచానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య ఎంత జాగా ఉందో కొలుస్తుంది, 18 అంగుళాలే ఉందని తేలుతుంది, అక్కడ ఆగి ఆలోచిస్తుంది. "లోపల సొరుగు పెట్టావు కదా, తలుపు తెరిచాక సొరుగు బయటికి ఎలా వస్తుంది?" అంటే ఇంకా పెద్ద తలనొప్పి బయటపడుతుంది, ఎందుకంటే మామూలు హింజ్‌లతో షట్టర్ తెరిచినా దాని మందం కొంత లోపలి దారిలోకే ఉంటుంది, సొరుగు పక్కన ప్యాకింగ్ పట్టీ కొట్టి వెడల్పు తగ్గించకపోతే అది షట్టర్‌కి తగిలి ఆగిపోతుంది. ఈ తప్పు చెయ్యని డిజైనర్ బహుశా ఉండరు. కాగితం మీదే దొరికితే ఒక గీత చెరిపి ఇంకో గీత గీస్తే సరిపోతుంది. ల్యామినేట్ అంటించి, ఎడ్జ్ బ్యాండ్ వేసి, బిగించాక దొరికితే సొరుగు మొత్తం మళ్లీ చెయ్యాలి, ఆ డబ్బులు ఎవరివి అనే గొడవ వేరే. సీనియర్ పని నిజానికి ఇదే, తప్పు ఇంకా చవగ్గా ఉన్న దశలోనే జూనియర్ దాన్ని తన చేత్తో పట్టుకునేలా చూడటం. సీనియరే పట్టేసి ఎర్రగీత కొట్టేస్తే ఆ పూటకి పని జరిగిపోతుంది, జూనియర్‌కి మాత్రం ఒరిగేదేం లేదు.

కొలతల దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. గది 10 బై 12 అని బిల్డర్ బ్రోచర్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకుని డ్రాయింగ్ చేసేస్తారు. కొలవడం నేర్పడమంటే టేపు పట్టుకోడం నేర్పడం కాదు, ఏ గోడా తిన్నగా ఉండదని నమ్మించడం. ఒకే గోడని కింద, నడుం ఎత్తులో, పైన మూడు చోట్ల కొలవాలి, ఆ మూడింట్లో చిన్నది తీసుకోవాలి, మూలలు మట్టానికి ఉన్నాయో లేదో చూడాలంటే రెండు కర్ణాలు కొలవాలి. 10 బై 12 గదికి కర్ణం 15 అడుగుల 7 అంగుళాల పైన చిల్లర రావాలి, ఒకటి అలా వచ్చి రెండోది 15 అడుగుల 9 వస్తే గది వంకర అని అర్థం. గోడ నుంచి గోడ దాకా వచ్చే వార్డ్‌రోబ్‌ని ఫ్యాక్టరీలో చేయించి తెచ్చాక పైన గోడల మధ్య జాగా ముప్పావు అంగుళం తక్కువైందంటే ఇక దాన్ని గదిలో నిలబెట్టలేరు. అందుకే రెండు పక్కలా ఫిల్లర్ పట్టీకి జాగా వదులుతారు. ఫ్యాక్టరీ వచ్చాక పని సులువైందనుకుంటారు గానీ కొలతలో ఓపిక ఇప్పుడే ఎక్కువ కావాలి, సైట్‌లో చేసే కార్పెంటర్ అయితే గోడ వంకరని చూసి అక్కడికక్కడే సర్దేస్తాడు, మిషన్ మాత్రం రాసింది రాసినట్టు కోస్తుంది.

కార్పెంటర్ సంగతి వచ్చింది కాబట్టి, 1919లో జర్మనీలో వైమార్ ఊళ్లో మొదలైన బౌహాస్ స్కూల్లో తొలి ఏళ్లలో ఒక పద్ధతి ఉండేది, ప్రతి వర్క్‌షాప్‌కీ ఇద్దరు గురువులు, ఒకరు రూపం గురించి చెప్పే కళాకారుడు, ఇంకొకరు చేత్తో చేసి చూపించే పనివాడు. మన సైట్లలో ఆ రెండో గురువు ఆల్రెడీ ఉన్నాడు, రాజస్థాన్ నుంచో యూపీ నుంచో వచ్చి పదిహేను ఇరవై ఏళ్లుగా ఇక్కడే పని చేస్తున్నాడు, కాకపోతే ఆయన్ని గురువు అని ఎవరూ అనరు. ఆయన భాష కాలేజీలో చెప్పరు. కార్పెంటర్ మిల్లీమీటర్‌లో మాట్లాడడు, సూత్‌లో మాట్లాడతాడు. అంగుళానికి 8 సూత్‌లు, అంటే సూత్ 3 ఎంఎం పైన కాస్త. 6 ఎంఎం ప్లై రెండు సూత్‌లు, 12 ఎంఎం నాలుగు, 18 లేదా 19 అయితే ఆరు. "దో సూత్ కమ్ కరో", అంటే రెండు సూత్‌లు తగ్గించు, అన్నప్పుడు తల ఊపేసి వచ్చిన జూనియర్ ఎక్కడో అరంగుళం దగ్గర దొరికిపోతుంది. గుణియా అంటే తెలుగు మేస్త్రి మూలమట్టం అనేదే, లెవెల్ పైపుని రసమట్టం బదులు వాడతారు, ఇవన్నీ ఒక వారం కార్పెంటర్ పక్కన కూర్చుంటే వచ్చేస్తాయి. కొన్ని ఆఫీసులు మొదటి నెల కంప్యూటర్ ఇవ్వకుండా సైట్‌కే పంపుతాయి. వినడానికి శిక్ష లాగా ఉంటుంది గానీ మంచి పద్ధతి, ఒకటే షరతు, పంపేముందు ఏం చూడాలో చెప్పి పంపాలి, వచ్చాక ఏం చూశావని అడగాలి. ఊరికే పంపితే ఫోన్ చూసుకుని వచ్చేస్తారు.

అమ్మాయిలకి సైట్ ఇంకో రకం కష్టం, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈ చదువుల్లో అమ్మాయిలు బాగానే కనిపిస్తారు, సైట్‌లో ఉండేవాళ్లు దాదాపు అంతా మగవాళ్లే. హైదరాబాద్ శివార్లలో కోకాపేట్, నార్సింగి వైపు ఇంకా సగం ఖాళీగా ఉన్న టవర్లో ఇరవయ్యో అంతస్తు ఫ్లాట్‌కి ఒంటరిగా వెళ్లడం, అక్కడ వాడుకోడానికి బాత్రూమ్ లేకపోవడం, చెప్పింది విని కార్పెంటర్ "సార్‌కో పూఛ్‌తా హూఁ", సార్‌ని అడుగుతా, అని సీనియర్‌కి ఫోన్ కొట్టడం. ఈ ఆఖరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ సీనియర్ ఆ ఫోన్‌లో ఏమంటాడు అన్నదాన్ని బట్టి ఆ అమ్మాయి సైట్‌లో నిలబడుతుందా లేదా అనేది తేలిపోతుంది. "మేడమ్ ఏం చెప్తే అది చెయ్యి" అని ఒక్క మాటంటే ఆ సైట్‌లో మళ్లీ ఆ ఫోన్ రాదు. ఒకవేళ ఆమె చెప్పింది తప్పే అయినా సరే, దిద్దేది తర్వాత విడిగా దిద్దొచ్చు.

క్లయింట్‌తో మాట్లాడటం నేర్పడం అన్నిట్లోకీ కష్టమైన పాఠం. కొత్తవాళ్లు వెళ్లి మొదట అడిగేది "మీకు మోడర్న్ కావాలా, క్లాసిక్ కావాలా?" అని. ఆ ప్రశ్నకి వచ్చే జవాబుతో ఏ డ్రాయింగూ గీయలేం. బియ్యం బస్తా ఎక్కడ పెడతారు, ఎన్ని రోజులకి ఒక బస్తా అవుతుంది, ఎండాకాలంలో ఆవకాయ పెడతారా లేక ఊరి నుంచి వస్తుందా, వస్తే ఎన్ని జాడీలు, గ్రైండర్ రోజూ వాడతారా వారానికోసారా, వంట ఎక్కువ చేసేది ఎవరు, వాళ్ల ఎత్తెంత. ఆఖరి ప్రశ్న తమాషాకి కాదు, వంటగట్టు ఎత్తు 34 అంగుళాలు అని అందరికీ ఒకటే వేసేస్తారు, అయిదడుగులున్న అత్తగారు రోజూ పిండి కలిపేది ఆ గట్టు మీదైతే 32 కి దించితే ఆవిడ భుజాలు బతుకుతాయి. కోడలు అయిదున్నర ఉంటే మళ్లీ గొడవే, అప్పుడు ఎవరు ఎక్కువ సేపు నిలబడతారో అడగాలి, అది కూడా ఇద్దరి ముందూ అడగకూడదు. ఇలాంటివి పుస్తకంలో రాయరు, సీనియర్ పక్కన సోఫాలో కూర్చుని వింటేనే వస్తాయి.

వాస్తు కూడా అంతే. కొత్తవాళ్లు కొందరు దాన్ని మూఢనమ్మకం కింద కొట్టిపారేస్తారు, కొందరు క్లయింట్ కన్నా ఎక్కువ భయపడతారు. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి, వండేవాళ్లు తూర్పు ముఖంగా నిలబడాలి, పూజ ఈశాన్యంలో, ఇవి తెలుగిళ్లలో దాదాపు అందరూ అడిగేవే కాబట్టి వాటిని కూడా చిమ్నీ పైపు ఎటు పోతుంది, సింక్ ఎక్కడుంది అన్నట్టే ఒక కొలతగా తీసుకుని డ్రాయింగ్ మొదలుపెట్టే ముందే రాసుకోవాలి. అంతా అయ్యాక ఊరి నుంచి వచ్చిన పెద్దాయన "పొయ్యి ఇటెందుకుంది" అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. లైట్ల సంగతి కూడా ఇలాగే, డిజైనర్‌కి 3000 కెల్విన్ పసుపు వెలుగు ఇష్టం, పెద్దవాళ్లకి ఇన్నేళ్లూ అలవాటైంది 6500 ట్యూబ్‌లైట్ తెలుపు, పసుపు వేస్తే "ఇల్లు హోటల్ లాగుంది, పేపర్ కనిపించట్లేదు" అంటారు. పేపర్ చదివే కుర్చీ దగ్గర 4000 వేసి టీవీ గోడకి 3000 ఉంచితే ఇద్దరూ ఊరుకుంటారు.

అమెరికాలో ఉండి ఇక్కడ ఫ్లాట్ చేయించుకునే తెలుగువాళ్ల పనులైతే జూనియర్‌కి ఒకరకంగా మంచి బడి. క్లయింట్ సైట్‌కి రారు, వీడియో కాల్‌లోనే చూస్తారు, మన రాత్రి వాళ్ల పగలు, కాబట్టి ప్రతి నిర్ణయాన్నీ మాటల్లో పెట్టి రాసి పంపాల్సిందే. ఇది ఎందుకు మార్చాం, దీనివల్ల ఖర్చు ఎంత పెరిగింది, 18 శాతం జీఎస్టీ కలిపా కలపకుండానా అని రాయడం అలవాటైన జూనియర్‌కి ఆలోచన కూడా స్పష్టమవుతుంది, ఎందుకంటే కారణం తెలియనిదాన్ని రాయబోతే అక్కడే పెన్ను ఆగిపోతుంది.

డబ్బు గురించి ఒకటి చెప్పకపోతే ఈ చర్చ సగమే. ప్లై షాపు, హార్డ్‌వేర్ షాపు, లైట్ల షాపు, సికింద్రాబాద్ రాణిగంజ్ అయినా ఇంకెక్కడైనా డిజైనర్ పేరు చెప్పి బిల్లు అయితే కమీషన్ ఇవ్వడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. జూనియర్ మొదటిసారి ఆ కవరు చూసినప్పుడు ఏం చెయ్యాలో ఏ క్లాసులోనూ చెప్పరు. సీనియర్ తీసుకుంటూ జూనియర్‌ని వద్దంటే పని జరగదు. డిజైన్ ఫీజు విడిగా గట్టిగా అడగలేకపోవడమే దీని మూలం, "డిజైన్ ఫ్రీ, పని మాకివ్వండి చాలు" అన్న ఆఫీసులో ఆ ఫీజు ప్లైలోనో హింజ్‌లోనో ఎక్కడో ఒకచోట వసూలవుతుంది, నీళ్లని తట్టుకునే 710 నంబర్ మెరైన్ ప్లై అని చెప్పి మామూలు 303 వేస్తే క్లయింట్ కనిపెట్టలేడు కూడా. షీట్ మీద ఉండే ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ నంబర్ చూడటం మొదటి వారమే నేర్పాలి, సింక్ కింద ఏ ప్లై వేశారో ఫోటో తీసి క్లయింట్‌కి పంపడం కూడా. ఆ ఫోటో పంపే అలవాటున్న ఆఫీసులో జూనియర్‌కి నిజాయితీ గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

మొదటి సొంత పనిగా ఏం ఇవ్వాలి అంటే చాలామంది ఒక బెడ్‌రూమ్ ఇచ్చేస్తారు. చెప్పుల స్టాండ్ ఇస్తే చాలు. వినడానికి నామోషీగా ఉన్నా అందులో అన్నీ ఉన్నాయి. మగవాళ్ల బూటు దాదాపు అడుగు పొడవుంటుంది, కాబట్టి లోపల 12 అంగుళాలు, తలుపుతో కలిపి 14 కావాలి, అంత లోతు గుమ్మం పక్కన ఉంటుందా, మెయిన్ డోర్ తెరిస్తే తగులుతుందా, కరెంటు స్విచ్‌లుండే డీబీ బాక్స్ సరిగ్గా ఆ గోడ మీదే ఉంటే దానికి తలుపు ఎలా, గాలి ఆడకపోతే వాసన కాబట్టి జాలీయా కన్నాలా, ముసలివాళ్లు కూర్చుని చెప్పులేసుకోవాలంటే సీటు 17-18 అంగుళాల ఎత్తులో ఉండాలి, మరి కింద ఎన్ని అరలు పడతాయి, గొడుగులు ఎక్కడ, హెల్మెట్ ఎక్కడ. కొలత నుంచి కటింగ్ లిస్టు, కొటేషన్, కార్పెంటర్‌తో మాట్లాడటం, బిగించాక మిగిలిన లోపాల స్నాగ్ లిస్టు రాయడం వరకూ అంతా ఒక్కళ్లే చెయ్యొచ్చు, పోయినా ఒక షీటో రెండు షీట్లో పోతాయి, ఆ నష్టం ఆఫీసు భరించగలదు. సీనియర్ మధ్యలో వేలు పెట్టకుండా ఉండాలి, అదొక్కటే కష్టం.

ఇక ఇల్లు అప్పగించడం, అదే హ్యాండోవర్, అయ్యాక ఆ ఇంటికి మళ్లీ వెళ్లేవాళ్లు చాలా అరుదు, ఫోటోలు తీసేసి వచ్చేస్తారు. ఆర్నెల్ల తర్వాత జూనియర్‌ని ఓసారి పంపి చూడండి. పదివేల రూపాయల పుల్‌అవుట్ అరలో పాలిథిన్ కవర్లు కుక్కి ఉంటాయి. టీవీ యూనిట్ వెనక దాచిన వైర్లన్నీ బయటికొచ్చి ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి వేలాడుతుంటాయి. స్టడీ టేబుల్ మీద ఇస్త్రీ బట్టలు ఉంటాయి. వంటింట్లో నిలువెత్తు టాల్ యూనిట్ ముందు, దాని కింది తలుపుకి అడ్డంగా, బియ్యం బస్తా నేల మీద కూర్చుని ఉంటుంది, ఆ తలుపు తెరవక ఎన్నాళ్లయిందో మరి. ఇంటావిడ "అదేం లేదమ్మా, బాగానే ఉంది" అంటుంది, టీ ఇస్తుంది. జూనియర్ టీ తాగి, టేపు తీసి, బస్తా ఎత్తూ వెడల్పూ కొలుచుకుని వస్తుంది.